కింది వీధి ముక్కు

మూడు గ్లాసుల రోజు

నిఖత్ డాక్టరమ్మ మనిషికొక కరెంటు పలక ఇచ్చింది. రోజూ ఎన్ని గ్లాసుల చాయ్ తాగాం, ఒళ్ళు ఎలా ఉంది, చిరాకు ఎంత ఉంది, అన్నీ అందులో రాయాలట. తలుపులు తెరిచేదాకా తను చదవదట. ఆ చివరి మాట విన్నాకే నేను పలక అందుకున్నాను. ఏడో తరగతిలో బడి మానేసిన నా రాత చూసి ఎవరైనా నవ్వుతారని కాదు నా భయం. నేను ఎవరెవరిని చూసి నవ్వుతానో వాళ్ళ కంట పడుతుందని.

సంగతేమిటంటే, ఈసారి ఎండమూత పడేనాటికి, అంటే ఎండలకు మేమంతా భూమి లోపలికి దిగి తలుపు మూసుకునేనాటికి, చాయ్‌పత్తి లారీ రాలేదు. రోడ్డు కరిగితే డ్రైవరు వెనక్కి తిప్పుకున్నాడని కొందరు, టైర్లు పేలి దారిలో నిలబడిపోయిందని కొందరు. ఏదైతేనేం, తలుపు పడింది. ఈ పాత బొగ్గుబాయి తలుపు ఒకసారి పడితే తొలివాన చప్పుడు వినేదాకా ఎవరికోసమూ తెరవరు. బయట పెళ్ళికొడుకు నిలబడ్డా తెరవరు. ఇక చాయ్‌పత్తి కోసమా?

కమిటీ కూర్చుంది. డాక్టరమ్మ లేచింది. చిన్నపిల్ల, కానీ గొంతు పెద్దది.

“ఒక్కపారే బంద్ చేస్తే తలకాయలు పగులుతయి. మీరు ఒకరినొకరు కొరుక్కుంటరు. మెల్లగ తగ్గిద్దాం. ఇప్పుడు మూడు గ్లాసులు. కొన్నొద్దులైనంక రెండు, మల్ల ఒకటి, ఆఖరుకు సున్నా. తల నొస్తది. నొస్తే భయపడొద్దు. ఒళ్ళు చాయ్‌ని ఇడిసిపెడుతుందని అర్థం.”

ఎవరెవరు ఒప్పుకుంటారని అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తింది మా ఆయన సదయ్య. కింది వీధి చివర గుంతలో ఊటనీళ్ళు తోడే పంపు దగ్గర పని ఆయనది. రోజుకు ఆరు గ్లాసులు లాగించే మనిషి. కానీ ఆయన చెయ్యెత్తాడంటే ఇక దించడు. పెళ్ళిలో మా అమ్మకు మాటిచ్చి కల్లు మానేశాడు, ఈ రోజుకీ కుండ పక్కనుంచి నడిచినా ముఖం తిప్పుకుంటాడు.

నేనూ చెయ్యెత్తాను. ఎడమ చెయ్యి.

ఎందుకంటే చాయ్ కాచేదాన్ని నేనే. పైనున్న మీది వీధిలో కరెంటు పొయ్యి, నడుమెత్తు గంజు, గుడ్డ జాలి, ఇదీ నా రాజ్యం. గంజులో రోజుకొక చెంచా పత్తి తగ్గించమంది డాక్టరమ్మ. నేను రెండు చెంచాలు తగ్గించాను. ఒకటి డాక్టరమ్మ మాటకు, ఒకటి నా పసుపు డబ్బాకు.

ఇంకో మూడు గ్లాసుల రోజు

ఇంకా రెండుకు దిగనే లేదు, అప్పుడే అందరి ముఖాలూ చావింటి ముఖాలయ్యాయి. గ్లాసులో చాయ్ అయిపోయాక కూడా తలకిందులు చేసి చుక్క కోసం చూస్తున్నారు. ఇలా కాదు, వీళ్ళను కాస్త నవ్వించాలి అనుకున్నాను.

కింది వీధి గోడకు మోకాలికి కొంచెం పైన ఒక డబ్బా బిగించి ఉంటుంది. దాన్ని మేం ముక్కు అంటాం. గాలి చెడితే అది తుమ్ముతుంది. తుమ్మంటే మామూలు తుమ్ము కాదు, పళ్ళు కదులుతాయి. తుమ్మగానే చేతిలో ఉన్నది అక్కడే పారేసి మెట్లెక్కి మీది వీధికి ఉరకాలి. కింది వీధిలో పిల్లలూ ముసలివాళ్ళూ ఉండరు. పంపులు, పుట్టగొడుగు మడులు, షిఫ్టు చేసేవాళ్ళ పడకలు, అంతే. మా పడక కూడా అక్కడే.

మనిషి వదిలే ఊపిరి కూడా చెడ్డ గాలే. ఒంగి, ముక్కు చిల్లుల దగ్గర మూతి పెట్టి, ఒక గొట్టంతో గట్టిగా ఊదుతూ పోతే దానికి తెలుస్తుందా, అది ఈ ఓదెమ్మ ఊపిరని?

తుమ్మింది.

జనం ఉరికారు. అందరికంటే ముందు రాజలింగు ఉరికాడు. గాలి యంత్రాలు చూసేది అతనే, నాకు మరిది వరస. ఒంటినిండా సబ్బు నురగ, నడుముకు తువ్వాలు. మీది వీధి ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాక గానీ తువ్వాలు మెట్ల మీదే జారిపోయిందని చూసుకోలేదు. మీది వీధి కడుపు పట్టుకుని నవ్వింది. చాయ్ సంగతి ఒక పూట మరిచిపోయారు.

రాజలింగు మాత్రం మరవలేదు.

“నీ నోట్ల మన్నువడ వదినె! అది ఆటవస్తువా?”

“నీ ముక్కుకు సలి పెట్టిందేమో, జర పసరు పొయ్యి మరిది.”

“పోస్త, పోస్త. ఇగ సూడు నువ్వు.”

నిచ్చెన తెచ్చాడు. గోడకున్న ముక్కు విప్పి, తాడుకు కట్టి, కప్పు దూలానికి వేలాడదీశాడు. పైనుంచి మంచి గాలి వదిలే గొట్టం నోరు అక్కడే ఉంది. తాడు కొసను దూలానికే ముడేసి తాళం బిగించాడు.

“ఇగ ఊదు. రెక్కలు కట్టుకొని ఊదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనే అందరికంటే గట్టిగా కొట్టాను. ఆట బాగా ఆడినవాడికి ఇవ్వాల్సిన మర్యాద.

రెండు గ్లాసుల రోజు

కొట్లాటలు మొదలయ్యాయి. పుట్టగొడుగులు కోసే ఇద్దరు ఒక కత్తి కోసం జుట్లు పట్టుకున్నారు. ఆ కత్తికి మొన కూడా లేదు.

తలనొప్పులూ మొదలయ్యాయి. కమిటీ వాళ్ళు రెండు వీధుల్లోనూ గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు: ఈ నొప్పి మంచి నొప్పి. ఇప్పుడు మా దగ్గర పలకరింపే మారిపోయింది.

“నొస్తుందా?”

“నొస్తుంది.”

“మంచిది.”

అని నవ్వుకుంటూ వెళ్ళిపోతున్నారు. తల పట్టుకున్నవాడికి గౌరవం, బాగున్నవాడి మీద అనుమానం. అందుకని నేను కూడా తలకు గుడ్డ కట్టుకున్నాను. పొద్దున్నే పొయ్యి దగ్గర అందరికంటే ముందు నా గ్లాసు చిక్కగా తాగి, మూతి తుడుచుకుని, గుడ్డ బిగించి మూలుగుతాను. నా మూలుగు చూసి డాక్టరమ్మ వీపు నిమిరింది. ఇది రాస్తుంటే కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

ఒక గ్లాసు రోజు

మీది వీధి వాళ్ళకు నొప్పులు తగ్గిపోయాయట. ఆ ముఖాలు తేటగా ఉన్నాయి, పాటలు కూడా పాడుకుంటున్నారు. కింది వీధి వాళ్ళకు రోజురోజుకూ ఎక్కువవుతోంది. దానికి మా వాళ్ళు బాధపడుతున్నారా? లేదు, గొప్పలు పోతున్నారు.

“మీరు తాగింది నీళ్ళ చాయ్. మేం తాగింది అసలు సరుకు. గందుకే మాది జల్ది పోతలేదు,” అన్నాడు రాజలింగు. అతను ఆవులిస్తే మిగతా వీధి వరసగా ఆవులించింది.

సదయ్య షిఫ్టు దిగి వచ్చాడు. గుంత నుంచి పడక దాకా పదడుగులు నడిచి, గోడ పట్టుకుని నిలబడి రొప్పాడు.

“ముసలోనివైనవయ్యా,” అన్నాను.

“చాయ్ లేక కాళ్ళల్ల బలం లేదే. ఇంకొన్నొద్దులు ఓర్సుకుంటే అయిపోతది. నీకెట్లున్నది?”

“నాకు గూడ నొస్తుంది,” అన్నాను. గుడ్డ సర్దుకున్నాను.

“మంచిది,” అన్నాడు ప్రేమగా.

తమాషా ఏమిటంటే ఈ మధ్య నిజంగానే నొస్తోంది. నిద్ర లేవగానే కణతలు పోటు. పొయ్యి దగ్గరికెళ్ళి నాలుగు గుక్కలు పడ్డాక, పూట గడిచేసరికి పోతోంది. చాయ్ మహిమ అనుకున్నాను. అంత తాగుతుంటే ఒళ్ళు ఇంకా అడుగుతోంది గామోసు, కొసరు కోసం.

సున్నా రోజు

పొయ్యి కడిగాను. గంజుకు బొట్టు పెట్టి బోర్లించాను. మీది వీధి వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం పీనుగుకు నీళ్ళు పోసినట్టే అనిపించింది.

ఇక పొయ్యి పని లేదు గనక పొద్దటి నుంచి కింది వీధిలోనే ఉన్నాను. లేస్తూనే తల పోటు. ఎవరూ చూడకుండా పుట్టగొడుగుల గడ్డి ఉడకబెట్టే గదిలోకి వెళ్ళి, డబ్బాలోంచి పత్తి తీసి, మరిగిన నీళ్ళలో వేసుకుని తాగాను. కూర్చున్నాను. తగ్గలేదు.

పత్తి పాతబడిందేమో అని ఇంకో గ్లాసు చిక్కగా వేసుకున్నాను. తగ్గలేదు.

మూడో గ్లాసుకు చేతులు వణికాయి. గుండె సైకిలు చైనులా గబగబా తిరిగింది. అంటే చాయ్ ఒంట్లోకి వచ్చింది, దాని పని అది చేస్తోంది. కానీ తలలో పోటు ఉన్నచోటే ఉంది. ఇంటికొచ్చిన అప్పులవాడిలా కదలనంటోంది.

గ్లాసు కింద పెట్టి లెక్క వేసుకున్నాను. వీధి మొత్తానికి తల నొస్తోంది, చాయ్ లేక. సరే. మరి చాయ్ మానని నాకెందుకు నొస్తోంది?

మెట్లెక్కి మీది వీధికి పోయాను. బోర్లించిన గంజు పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి కణతలు వదిలాయి. మళ్ళీ కిందికి దిగాను. పడక దాకా వెళ్ళేలోపు మళ్ళీ పట్టుకున్నాయి.

తలెత్తి చూశాను. కప్పు దగ్గర ముక్కు, గాలి బాగుందని చెప్పే పచ్చదీపం వెలిగించుకుని హాయిగా ఊగుతోంది. పైనుంచి వచ్చే మంచి గాలి నేరుగా దాని మీదికే వీస్తోంది. చెడ్డ గాలి బరువు, నీళ్ళలా కిందికి దిగి పల్లంలో నిలుస్తుంది. ఇది బాయిలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. అందుకే కదా ముక్కును మోకాలి దగ్గర బిగించింది. అందరికీ తెలుసు, అందరం చప్పట్లు కొట్టాం.

కింది వీధి కంటే పల్లం ఇంకొకటే ఉంది. పంపు గుంత. అందులో సదయ్య ఉన్నాడు.

అదే రోజు

గుంత మెట్లు దిగేసరికి నాకే ఊపిరి సరిపోలేదు. సదయ్య పంపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ముఖం ఎర్రగా ఉంది. పక్కకెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

“లెవ్వయ్యా. మీదికి పోదాం పా. గాలి ఖరాబైంది.”

“షిఫ్టు కాలే.”

“నీకు సమజ్ అయితలేదు. ఇది చాయ్ నొప్పి కాదు.”

“నీకెట్ల ఎరుక?”

చెప్పక తప్పలేదు. “నేను చాయ్ మానలే. రోజూ తాగుతున్న. తాగినా నొస్తుంది.”

ఆయన నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. గోడవైపు తిరిగాడు.

“పోయినేడు గీ గుంతలనే పామున్నదని గీపెట్టినవ్. నేను మెట్లెక్కంగ పడి మోకాలు పలిగింది. అప్పుడు గూడ గిట్లనే ఏడుపు ముఖం పెట్టినవ్.” మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. “పంపు ఆగితే వీధి మునుగుతది. నేను ఇడిసి రాను. షిఫ్టు దిగినంక మాట్లాడుకుందాం. పో.”

లాగాను. ఆయన బరువు నా బరువుకు రెండింతలు. మోసుకుపోలేను. మనుషులు కావాలి. మనుషులు రావాలంటే నమ్మాలి.

రాజలింగు తన మంచం మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

“మరిది, ముక్కు దించు.”

“ఏం, ఊదబుద్ధయితుందా?”

“గాలి చెడ్డది లింగూ. నా మొగడు గుంతల ఉన్నడు.”

“పచ్చదీపం కనవడుత లేదా? కండ్లు గూడ పోయినయా చాయ్‌ లేక?” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వలేక నవ్వారు, ఒక్కొక్కడికి ఊపిరి మధ్యలో తెగుతోంది. “సదయ్యన్న అందరికన్న ముందు చెయ్యెత్తిండు. ఆయనను సూసి నేర్సుకో వదినె.”

ఇంకేం చెప్పినా నవ్వుతారు. ఏడిస్తే ఇంకా నవ్వుతారు. ఇన్నేళ్ళు వాళ్ళకు నేను నేర్పింది అదే.

అప్పుడు పసుపు డబ్బా తీసి రాజలింగు మంచం మీద పెట్టి మూత తీశాను. పత్తి వాసన వీధంతా పరుచుకుంది. నవ్వులు ఆగిపోయాయి. పక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు.

“ఇదేంది?” అన్నాడు రాజలింగు.

“మీ పత్తి. రోజుకో చెంచా దాసిన.”

“దొంగముండ!” అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఎవరన్నారో చూడలేదు. వాళ్ళది న్యాయమే.

“తిట్టుండ్రి. తాగుకుంట తిట్టుండ్రి. అందరికి చిక్కగ పోస్త. మీది చాయ్ నొప్పే అయితే కాసేపట్ల పోవాలె. పోతే నన్ను ఈ వీధిలకెల్లి ఎల్లగొట్టుండ్రి. పోకుంటే ముక్కు దించుండ్రి. అంతే.”

గడ్డి గదిలో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. డబ్బాలో సగం గుమ్మరించాను. చేతులు వణుకుతుంటే గ్లాసుల్లో కంటే నేల మీదే ఎక్కువ పోశాను. ఒక్కరు కూడా వద్దనలేదు. నన్ను దొంగ అన్న నోరు కూడా గ్లాసు అందుకుని ఊదుకుని తాగింది. రాజలింగు మొదట ముఖం తిప్పుకున్నాడు, తర్వాత రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుని తాగాడు.

ఒక గ్లాసు గుంతలోకి పంపాను. అది నిండుగానే తిరిగి వచ్చింది. తెచ్చినవాడు అన్నాడు, “మాట ఇచ్చిన అంటున్నడక్కా. మంచిగ మాట్లాడుతలేడు. నోరు తిరుగుతలేదు.”

ఈ గోలకు డాక్టరమ్మ మీది వీధి నుంచి దిగి వచ్చింది. అందరి చేతుల్లో గ్లాసులు చూసి ఆ పిల్ల ముఖం నల్లబడింది.

“ఇన్ని దినాల కష్టం! ఎవరు పోసిన్రు?”

“నేనే పోసిన. నన్ను పిదప అడుగు బిడ్డా. ముందు వీళ్ళ తలకాయల సంగతి అడుగు.”

తను నా మాట వినలేదు. నా వెనకున్న డబ్బా వైపు, నా కళ్ళ వైపు, నా వణికే చేతుల వైపు చూసింది. “నువ్వు అసలు మాననే లేదు,” అంది మెల్లగా.

“మానలే. అయినా నొస్తుంది.”

ఆమె నేల మీద గొంతుక్కూర్చుని పక్కనున్నవాడి మణికట్టు పట్టుకుంది. గుంత వైపు నా కాళ్ళు లాగుతున్నాయి. కానీ ఇక్కడ ఒక్క తల ఊగాలి, ఒక్క నోరు నిజం చెప్పాలి, అప్పుడు పదిమంది వస్తారు. గ్లాసులు ఖాళీ అయ్యాయి. చల్లబడ్డాయి. మంచాల మీద వీధి మొత్తం తన తల తాను వింటోంది.

“తగ్గిందా?” డాక్టరమ్మ అడిగింది.

“లేదు.”

“నీకు?”

“లేదమ్మా. ఇంకింత ఎక్కువైంది.”

“రాజలింగన్నా, నీకు?”

రాజలింగు కణతలు రెండు వేళ్ళతో నొక్కి చూసుకున్నాడు. వదిలి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి కప్పు దగ్గరి పచ్చదీపాన్ని చూశాడు. అతని ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను.

“నిచ్చెన,” అంది డాక్టరమ్మ. ఆ మాట పూర్తయ్యేలోపు అతను లేచాడు.

నేను ఇక ఆగలేదు. గుంతలోకి దిగాను. సదయ్య పక్కకు ఒరిగి ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పెదాలు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను.

“మంచి నొప్పి,” అంటున్నాడు. “మంచి నొప్పి.”

చంకల కింద చేతులు వేసి లాగాను. మొదటి మెట్టు. రెండో మెట్టు మీద నాకు కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆయన తల నా ఒళ్ళో పడింది. అప్పుడే పైన ముక్కు తుమ్మింది.

గోడలు అదిరాయి. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో రాస్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి: నేను ఊదలేదు. దేవుడి తోడు, నేను ఊదలేదు.

వెంటనే పెద్ద చప్పుడుతో ఏదో పగిలింది. తుమ్ము మధ్యలో ఆగిపోయింది. జనం మెట్ల వైపు ఉరుకుతున్న కాళ్ళ చప్పుడు. తుమ్మితే పైకే ఉరకాలి, కిందికి ఎవరూ రాకూడదు, అది బాయి నియమం. ఆ నియమం మంచిదే. నేను సదయ్యను గట్టిగా పట్టుకున్నాను.

రెండు కాళ్ళు గుంతలోకి దిగాయి.

“వదినె, కాళ్ళు నేను వడత. నువ్వు తలకాయ వట్టు. ఊపిరి జర ఆపుకో.”

ఆ రోజు నేను జీవితంలో మొదటిసారి రాజలింగు చెప్పినట్టు విన్నాను.

మీది వీధిలో

సదయ్య బతికాడు. గొట్టంతో గాలి పెట్టి, రెండు పూటలు కదలనివ్వకుండా పడుకోబెట్టింది డాక్టరమ్మ. తెలివొచ్చాక అందరితో మాట్లాడాడు. నాతో తప్ప.

కింది వీధి గాలి కడిగే పెట్టెలో సున్నం అరలు ఊటచెమ్మ తాగి రాయిలా గడ్డకట్టాయట. గాలి వాటిలోంచి పోకుండా పక్కనుంచి జారిపోతోందట. గునపంతో పగలగొట్టి కొత్త సున్నం నింపారు. పెట్టె చూడాల్సిన రాజలింగు ముక్కు పచ్చదీపం చూసి ఊరుకున్నాడు. ఆ ముక్కు అలా వేలాడటానికి కారణం నేను. ఎవరి పాపం ఎంతో సున్నం చెంచాతో కొలవలేం.

కమిటీ కూర్చుంది. అందరి సొత్తు దాచినందుకు నన్ను పొయ్యి పని నుంచి దించేశారు. ఇక నా చేత్తో ఎవరికీ చాయ్ పోయకూడదు. వింటున్నప్పుడు తల దించుకున్నాను. నటించలేదు.

“ముక్కు సంగతేంది మరి?” అని ఒకరు అడిగారు. రాజలింగు కంగారులో తాడు వదిలేస్తే అది నేల మీద పడి చెక్కలైంది. తలుపులు తెరిచేదాకా కొత్తది రాదు. పంపు ఆపలేం కాబట్టి కింది వీధి ఖాళీ చేయలేం.

డాక్టరమ్మ నా పసుపు డబ్బా మూత తీసి చూసి అంది, “ఒకరు చాయ్ తాగుతుండాలె. రోజూ, తప్పకుండ. వాళ్ళకు నొస్తే అది చాయ్ నొప్పి కాదు, గాలి నొప్పి. ఒక్కలికి సరిపోయేంత పత్తి ఆ డబ్బాల ఇంక ఉన్నది.”

ఒక్కసారిగా పది చేతులు లేచాయి. రాజలింగు లేచి నిలబడ్డాడు.

“దించుండ్రి. ముక్కు పలగొట్టింది నేను. దాన్ని మీదికి ఎక్కిపిచ్చింది ఈమె. గందుకే ముక్కు ఈమెనే.” నా వైపు తిరిగాడు. “చాయ్ మాత్రం నేను కాస్త.”

“లింగూ, నేను మానేస్త. నిజంగ మానేస్త,” అన్నాను.

“నువ్వు మానొద్దు,” అంది డాక్టరమ్మ. “నొస్తే నొస్తుందని చెప్పు. నొయ్యకుంటే నొస్తలేదని చెప్పు. ఇంకొక్క మాట ఎక్కువ చెప్పకు అక్కా. వీళ్ళ పానాలు దాని మీదున్నయి.”

మూడు గ్లాసుల రోజు, నాకొక్కదానికే

రాజలింగు కాచిన చాయ్ గురించి ఈ పలకలో రాస్తే పలక కూడా కక్కుతుంది. పత్తిని ఉడకబెడతాడో ఉతుకుతాడో తెలియదు. దాన్ని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మాపటికొకటి, కింది వీధి నడిమధ్యలో కూర్చుని అందరూ చూస్తుండగా తాగాలి. వాళ్ళు నా గ్లాసును చూస్తారు. గుటక దిగే నా గొంతును చూస్తారు. వాసనకు ఒకడు లేచి పుట్టగొడుగుల వైపు వెళ్ళిపోతాడు. జీవితంలో ఏ చాయ్ నాకు ఇంత చేదుగా లేదు. అడుగున గుక్కెడు వదిలేద్దామంటే రాజలింగు గ్లాసు వంచి చూస్తాడు. “మొత్తం తాగు ముక్కూ.”

అదే నా పేరు ఇప్పుడు. మీది వీధి పిల్లలు కూడా ముక్కవ్వా అని పిలుస్తున్నారు.

నాకు ఆటల బుద్ధి పుట్టక కాదు. నిన్న రాజలింగు పంచె కొస మంచం కోడుకు కట్టేసే అవకాశం వచ్చింది. చెయ్యి అందాకా పోయి వెనక్కి వచ్చింది.

ఈ రోజు మధ్యాహ్నం గ్లాసు. సదయ్య షిఫ్టు నుంచి వచ్చి ఎదురు మంచం మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే నా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఈ నొప్పి మంచి నొప్పి అన్న అక్షరాల మీద ఎవరో సున్నం పూశారు. నేను ఆఖరి గుక్క మింగి గ్లాసు కింద పెట్టాను. నుదుటి మీద ఏదో పాకినట్టయింది. చెయ్యి ఎత్తాను.

వీధి ఆగిపోయింది. పుట్టగొడుగులు కోసే కత్తి ఆగింది. రాజలింగు చేతిలో గంజు ఆగింది. ఇద్దరు మెట్ల వైపు ఒక కాలు వేసి నా ముఖంలోకి చూస్తున్నారు. చెయ్యి నుదుటి దగ్గర ఉంది. దాన్ని ఇంకొంచెం నొక్కితే చాలు, వీధి మొత్తం తువ్వాళ్ళు జారేలా ఉరుకుతుంది. నా ఆటలన్నింటిలోకీ పెద్ద ఆట నా చేతిలోనే ఉంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి.

సదయ్య గోడ మీదనుంచి చూపు తిప్పాడు. ఇన్ని రోజుల తర్వాత నా కళ్ళలోకి చూశాడు.

“నొస్తుందా?”

“లేదు,” అన్నాను. “దురద.”

ఆయన ఇంకాసేపు చూశాడు. నా ముఖంలో నవ్వు ఎక్కడైనా దాగుందేమో వెతికాడు. దొరకలేదు.

“మంచిది,” అన్నాడు.